అక్టోబర్ వాన, కాటేదాన్ డ్యూటీ, పిల్లల ఫోన్‌లో హాలోవీన్ పాటలు

వానాకాలం అయిపోయిందని గొడుగులు అటకెక్కించాక మళ్లీ ముసురు పట్టే రోజులివి. అక్టోబర్ నెలాఖరున కాటేదాన్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఇది కొత్తేమీ కాదు. రాత్రంతా సన్నగా పడి, తెల్లారేసరికి గట్టిగా అందుకుంటుంది. బిస్కెట్లు, ప్లాస్టిక్ సామాను, అట్టపెట్టెలు తయారుచేసే షెడ్లలో మాత్రం షిఫ్టు ఆగదు. మైలార్‌దేవ్‌పల్లి, గగన్‌పహాడ్, శివరాంపల్లి వైపు నుంచి టిఫిన్ డబ్బా కవర్లో చుట్టుకుని పనికి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఉన్నవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు ఇంకా ముందే బయల్దేరతారు.

బడికి సెలవిస్తే పిల్లలు ఇంట్లోనే. అమ్మీ, అబ్బా ఇద్దరిలో ఒకరు డ్యూటీలో, ఇంకొకరు వంటింట్లో. పిల్లల చేతిలో ఫోన్. ఆ ఫోన్‌లో ఈ వారమంతా నవ్వే గుమ్మడికాయలు, ఎగిరే అస్థిపంజరాలు, కిర్రుమనే తలుపు చప్పుడు, వెనకాల ఒక వింత సంగీతం. హాలోవీన్ పాటలన్నమాట.

అలాంటి రోజు పిల్లలు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. ఇప్పుడు ఇంత వానెందుకు, మన ఇంట్లోకి నీళ్లొస్తాయా అని ఒకటి. ఈ పాటలు వింటే నిజంగా దెయ్యాలొస్తాయా అని రెండోది. పెద్దవాళ్లు రెండింటినీ "చుప్ కూర్చో" అని తోసేస్తుంటారు. రెండూ భయం గురించిన ప్రశ్నలే, రెండింటికీ సరైన జవాబులున్నాయి. ఒకటి నిజంగా భయపడాల్సిన సంగతి, ఇంకొకటి ఎవరో కూర్చుని పనిగట్టుకుని తయారుచేసిన భయం. ఈ తేడా పిల్లలకు తెలియడం అవసరం.

అక్టోబర్‌లో ఈ వాన ఎక్కడిది?

తెలంగాణకు అసలు వానాకాలం జూన్ నుంచి సెప్టెంబర్ వరకు. అరేబియా సముద్రం వైపు నుంచి వచ్చే నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ మధ్యకల్లా వెనక్కి మళ్లుతాయి. గాలి దిశ మారుతుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతం నీళ్లు ఇంకా వేడిగా ఉంటాయి. ఆ వేడి మీద అల్పపీడనం పుడుతుంది, బలపడితే వాయుగుండం, ఇంకా బలపడితే తుఫాను. అది పడమటికి కదిలి ఆంధ్ర తీరం దాటి లోపలికి వస్తే, సముద్రం మొహం చూడని హైదరాబాద్‌లో కూడా రోజంతా వానే. రైతులు చిత్త, స్వాతి కార్తెలని లెక్కపెట్టుకునే రోజులు ఇవే.

ఎండాకాలం వాన ఒక గంట ఉరిమి పోతుంది. వాయుగుండం వాన అలా కాదు, గంటల తరబడి వదలదు. అప్పటికే నాలుగు నెలల వానలకు చెరువులు నిండి ఉంటాయి, నేల తడిసి ఉంటుంది. కొత్తగా పడ్డ నీటికి చోటుండదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

చిన్న లెక్క చూడండి. చదరపు కిలోమీటర్ మేర ఒక్క సెంటీమీటర్ వాన పడితే కోటి లీటర్ల నీరు. పది సెంటీమీటర్లు పడితే పది కోట్ల లీటర్లు. మట్టి నేలైతే కొంత పీల్చుకుంటుంది. సిమెంటు రోడ్డు, రేకుల షెడ్డు, బండరాయి ఏమీ పీల్చుకోవు. ఇక్కడి నేల కింద ఉన్నదంతా గ్రానైటే. గగన్‌పహాడ్ పేరులోనే కొండ ఉంది.

నిజాం కాలానికి ముందు నుంచే ఈ దక్కన్ నేల మీద మనుషులు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. పల్లానికి అడ్డంగా కట్ట వేసి చెరువు చేయడం, అది నిండితే అలుగు మీదుగా నీరు పొంగి కింది చెరువుకి వెళ్లేలా చూడడం. ఒకదాని కింద ఒకటి, గొలుసుకట్టు చెరువులు. కాటేదాన్ దగ్గరి నూర్ మహమ్మద్ కుంట, మైలార్‌దేవ్‌పల్లి పల్లె చెరువు, గగన్‌పహాడ్ అప్ప చెరువు అలాంటి కాలం నాటి పేర్లే. గొలుసులో ఒక లంకె దగ్గర నాలా మూసుకుపోయినా, అలుగు ముందు గోడ లేచినా నీరు ఆగదు. దారి మార్చుకుంటుందంతే. ఆ దారిలో ఇల్లుందా, హైవే ఉందా అని నీరు చూడదు.

2020 అక్టోబర్ 13

ఆ రోజు సంగతి ఈ చుట్టుపక్కల ఇళ్లలో వేరే చెప్పాల్సిన పనిలేదు. ఇప్పుడు బడికి వెళ్తున్న పిల్లల్లో చాలామంది అప్పటికి చంటివాళ్లు. వాళ్లకు మాత్రం చెప్పాలి.

2020 అక్టోబర్ 13 ఉదయం తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదికి వచ్చింది. బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటల్లో సుమారు 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. అక్టోబర్ నెలలో ఒక్క రోజులో అంత వాన హైదరాబాద్ అంతకుముందు వందేళ్లలో ఎరగదు. ఆ రాత్రి గగన్‌పహాడ్ అప్ప చెరువు కట్ట తెగి నీరు బెంగళూరు హైవే మీద పడింది. డ్యూటీ నుంచి ఇళ్లకు పోతున్నవాళ్ల కార్లు, బండ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లె చెరువు తెగింది. అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు వరదలో కొట్టుకుపోయారు. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో గోడ కూలి ఇళ్ల మీద పడింది, అక్కడా చిన్నపిల్లలతో సహా చనిపోయారు. నాలుగు రోజులు గడిచాయో లేదో, 17వ తేదీ రాత్రి మళ్లీ కుండపోత. బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగి హఫీజ్‌బాబానగర్ బస్తీలు మునిగాయి. ప్రభుత్వం నీళ్లొచ్చిన ఇంటికి 10 వేల రూపాయల చొప్పున తక్షణ సాయం ప్రకటించింది. బీరువా, ఫ్రిజ్, కుట్టుమిషన్, పిల్లల పుస్తకాలు పోయిన ఇంటికి 10 వేలు ఏ మూలకొస్తాయో అందరికీ తెలిసిందే.

ఇంటి పెద్దవాళ్లు ఇంకా వెనక్కి వెళ్లి 1908 తుఘ్యానీ గురించి చెబుతారు. ఆ ఏడాది సెప్టెంబర్ 28న మూసీ పొంగి సుమారు 15 వేల మంది చనిపోయారని లెక్క. ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ దెబ్బ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇవాళ రాజేంద్రనగర్ దాటాక కనిపించే హిమాయత్‌సాగర్ పిక్నిక్ కోసం పుట్టలేదు. ఊరు మళ్లీ మునగకూడదని పుట్టింది.

అప్ప చెరువు విషయంలో 2024 ఆగస్టు చివర్లో హైడ్రా చెరువు స్థలంలో ఉన్న షెడ్లను కూల్చింది. అది మంచిదే. కానీ చెరువు లోపలి షెడ్డు తీసేస్తే సగం పనే అయింది. కట్ట బలంగా ఉండాలి, అలుగు నుంచి కింది చెరువు దాకా నాలా తెరుచుకుని ఉండాలి. ఆ పని కనపడదు కాబట్టి ఫొటోలు రావు, ఎవరూ అడగరు. అడగాల్సింది దాని గురించే.

పనికి పోక తప్పనివాళ్లు

"వాన పడుతోంది, ఇవాళ మానేయండి" అని ఇంట్లో అనడం తేలిక. రోజు కూలీకి వెళ్లేవాళ్లకు మానేసిన రోజు కూలి ఉండదు. బిహార్, ఒడిశా, యూపీ నుంచి వచ్చి షెడ్ల పక్కనే గదుల్లో ఉండేవాళ్లకైతే పని లేకపోతే ఆ పూట తిండి కూడా ఆలోచించాల్సిందే. కాబట్టి వెళ్లొద్దని చెప్పే బదులు ఎలా వెళ్లాలో చెప్పుకోవడం మేలు.

పారే నీటిని చూసి లోతు తక్కువే కదా అనుకుంటారు. చీలమండ దాటిన నీరు, అంటే 15 సెంటీమీటర్లు, వేగంగా పారుతుంటే పెద్ద మనిషి కాలు జారి పడిపోతాడు. అడుగు లోతు ఉంటే చిన్న కారు తేలిపోతుంది. 2020లో హైవే మీద జరిగింది ఇదే. బండి ఆగిపోతే స్టార్ట్ చేస్తూ కూర్చోకుండా దిగి ఎత్తయిన చోటికి వెళ్లడం మంచిది. నీటి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనపడదు, అందుకే రోడ్డు అంచున కాకుండా ముందు ఇంకెవరైనా నడిచిన దారిలోనే నడవాలి. రేకుల షెడ్డులో తడి చేతులతో మోటార్ స్విచ్ ముట్టుకోకూడదు. ఈ మాట ఫోర్‌మన్‌కి కూడా తెలుసు, తొందరలో మర్చిపోతాడు, గుర్తుచేయడంలో తప్పులేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈఎస్ఐలో పేరున్న కార్మికుడికి ఇంటి నుంచి పనికి వెళ్తున్నప్పుడు, పని నుంచి ఇంటికి వస్తున్నప్పుడు దారిలో ప్రమాదం జరిగితే, ఆ ప్రయాణానికీ డ్యూటీకీ సంబంధం ఉందని తేలితే దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే లెక్కేస్తారు. 2010లో చట్టాన్ని సవరించినప్పుడు ఈ మాట చేర్చారు. వానరోజు బండి జారి పడి కాలు విరిగితే "బయట జరిగింది, మాకు సంబంధం లేదు" అని ఎవరైనా అంటే అక్కడితో ఊరుకోనక్కర్లేదు. ఆస్పత్రి చీటీలో ఎక్కడ, ఏ టైములో, ఎటు వెళ్తుండగా జరిగిందో స్పష్టంగా రాయించుకోవాలి. యజమానికి వెంటనే తెలపాలి, ఫోన్‌లో మెసేజ్ పెట్టినా ఒక సాక్ష్యం మిగులుతుంది. అన్నిటికంటే ముందు ఈఎస్ఐ నంబర్ ఇంట్లోవాళ్లకు తెలిసుండాలి. పర్సులో ఒక్క కార్డు పెట్టుకుని ఆ పర్సే నీళ్లలో పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

ఇక ఇంట్లో ఆ పాటలేంటి?

హాలోవీన్ అక్టోబర్ 31 రాత్రి. ఐర్లండ్, స్కాట్లండ్‌లో పాతకాలపు కెల్టిక్ జనం పంట కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ సౌవిన్ అనే పండుగ చేసుకునేవారు. ఆ రాత్రి చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని వాళ్ల నమ్మకం. తర్వాత క్రైస్తవులు నవంబర్ 1ని పునీతులందరి పండుగగా జరుపుకోవడం మొదలుపెట్టారు. దానికి ముందు రాత్రి కాబట్టి ఆ పేరు వచ్చింది. పేరులోని హాలో అంటే పవిత్రమైన అని అర్థం, దెయ్యమని కాదు. 19వ శతాబ్దంలో ఐరిష్ వలసదారులు దాన్ని అమెరికాకు తీసుకెళ్లారు. సొంతూరులో ముల్లంగి లాంటి టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు, అమెరికాలో గుమ్మడికాయ దొరికింది, తొలవడం తేలిక, అదే గుర్తుగా నిలిచిపోయింది. పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడగడం అక్కడి ఆనవాయితీ. హైదరాబాద్‌కు ఇది మాల్స్, కొన్ని పెద్ద స్కూళ్లు, అమెరికాలో ఉన్న బంధువుల ఫొటోలు, ఫోన్ ద్వారా వచ్చింది. కాటేదాన్ గల్లీల్లో ఎవరూ గుమ్మడికాయ తొలవరు, పులుసు పెడతారు.

మన ఇళ్లలో చాలామంది ఈ పండుగ చేసుకోరు, చేసుకోవడం సరికాదనీ పిల్లలకు చెబుతారు. అది ఇంటి ఇష్టం. కానీ చేసుకోకపోవడం వేరు, అదేంటో తెలియకపోవడం వేరు. ఫోన్ లాక్కుంటే పాట ఆగుతుంది, భయం ఆగదు. ఏడేళ్ల పిల్ల రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్లనంటే, ఆ భయం ఎలా తయారైందో విప్పి చూపించడం ఫోన్ లాక్కోవడం కంటే బాగా పనిచేస్తుంది.

భయం తయారీ

ఇది కూడా కాటేదాన్‌లో జరిగే పని లాంటిదే. ముడిసరుకు, అచ్చు, ప్యాకింగ్ అన్నీ ఉంటాయి.

అమెరికాలో హాలోవీన్ వచ్చిందంటే మోగే "మాన్‌స్టర్ మ్యాష్" పాట 1962లో వచ్చింది. బాబీ పికెట్ పాడాడు, ఆ అక్టోబర్‌లో అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. బ్రిటన్‌లో బీబీసీ మాత్రం మొదట దాన్ని ప్రసారం చేయనంది. అందులో శవపేటిక మూత కిర్రుమని తెరుచుకునే చప్పుడు వినపడుతుంది. అది చెక్కలోంచి తుప్పుపట్టిన మేకు పీకిన చప్పుడు. మాంత్రికుడి గిన్నె బుడబుడ ఉడుకుతున్నట్టు వినపడేది నీళ్లలో స్ట్రా పెట్టి ఊదిన చప్పుడు. సంకెళ్లు మోగేది గొలుసులు గచ్చు మీద పడేసిన చప్పుడు. ఈ ముక్క పిల్లలకు చెప్పి, ఒక గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా చేతికివ్వండి. పది నిమిషాల్లో ఇంట్లో ఎవరూ ఆ పాటకు భయపడరు, నవ్వులే.

అస్థిపంజరాల డ్యాన్స్ వీడియోల్లో ఎముకలు టకటకలాడే సంగీతం ఇంకా పాతది. ఫ్రెంచి సంగీతకారుడు సాన్-సాన్స్ 1874లో "డాన్స్ మకాబ్ర్" రాశాడు. అర్ధరాత్రి గంట పన్నెండు కొడుతుంది, హార్ప్ తీగ మీద ఒకే స్వరం పన్నెండు సార్లు. మృత్యువు వయొలిన్ తీస్తుంది, సమాధుల్లోంచి అస్థిపంజరాలు లేస్తాయి. ఎముకల చప్పుడుకు ఆయన వాడింది జైలోఫోన్, అంటే చెక్కపలకల వాద్యం, పిల్లల బొమ్మల దుకాణంలో దొరికే దానికి పెద్దన్న. వయొలిన్‌లో పై తీగను కావాలనే అర స్వరం దించి మీటించాడు, వినడానికి ఏదో తేడాగా ఉంటుంది. అలా రెండు తీగల మధ్య వచ్చే దూరం మన సంగీతంలో చెప్పాలంటే సా నుంచి తీవ్ర మధ్యమానికి ఉన్న దూరం.

పాశ్చాత్యులు ఈ స్వరాల జోడీకి సైతాను పేరు తగిలించారు. ఇందులో సైతాను ఎవడూ లేడనడానికి మన చెవులే సాక్ష్యం. అదే సా, అదే తీవ్ర మధ్యమం యమన్ రాగానికి ప్రాణం. కర్ణాటక సంగీతంలో దాదాపు అదే కల్యాణి. మెహదీ హసన్ పాడిన "రంజిష్ హీ సహీ" గజల్ యమన్‌లోనిదే. దాన్ని విని ఇంతవరకు ఎవరూ మంచం కింద దాక్కోలేదు. స్వరాల్లో భయం ఉండదు. వాటిని ఎలా పెట్టారు, పక్కన ఏం చూపించారు, అంతకుముందు ఎంతసేపు నిశ్శబ్దంగా ఉంచారు అన్నదాంట్లో ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ 1978లో వచ్చిన "హాలోవీన్" సినిమా. దర్శకుడు జాన్ కార్పెంటరే సంగీతం కూడా చేశాడు. సంగీతం, చప్పుళ్లు కలపకముందు సినిమాను ఒక స్టూడియో ఉద్యోగికి చూపిస్తే ఆమెకు ఏమాత్రం భయం వేయలేదట. దాన్ని సంగీతంతోనే నిలబెట్టాలని ఆయన పట్టుబట్టాడు. పియానో మీద చిన్న ముక్క, ఐదు మాత్రల లెక్కలో ఆగకుండా తిరుగుతుంది. చిన్నప్పుడు తండ్రి బోంగో డప్పుల మీద నేర్పిన లెక్క అది. నాలుగు లెక్కకు అలవాటుపడ్డ చెవికి ఐదు వస్తే కాలు మెట్టు తప్పినట్టుంటుంది. మన మృదంగం వాళ్లకు ఖండగతి అంటే రోజూ వేసే పాఠమే.

"జాస్" సినిమాలో సొరచేప వచ్చే ముందు మోగేది ప్రధానంగా రెండే స్వరాలు, మెల్లగా మొదలై వేగం పెరుగుతాయి. "సైకో"లో తీగవాద్యాలను చెవికోసేలా గీకారు. ఈ గీకుడు మనకు ఎందుకు తగులుతుందో ఒక శాస్త్రవేత్త కూర్చుని చూశాడు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, లాస్ ఏంజెలిస్‌లో పనిచేసే డేనియల్ బ్లమ్‌స్టీన్ కొండల్లో ఉండే మార్మట్ అనే పెద్ద ఉడుతజాతి జంతువుల మీద పరిశోధన చేస్తుంటాడు. పట్టుకున్నప్పుడు వాటి పిల్లలు వేసే కేకల్లో గొంతు చీరుకుపోయినట్టు ఒక గరగర ఉంటుంది. ఆ కేక వింటే ఆయనకే ఒళ్లు జలదరించిందట. సినిమాల్లోనూ ఇదే వాడతారేమోనని వందకు పైగా సినిమాల శబ్దాలు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. భయపెట్టే సినిమాల్లో అలాంటి చీరుకుపోయే శబ్దాలు మామూలుకన్నా ఎక్కువగా ఉన్నాయి. అంటే సంగీతం మనలోని పాత అలారాన్ని నొక్కుతోంది. ఎక్కడో పిల్ల ఏడుస్తోంది, లే, చూడు అని చెప్పే అలారం. దానికి పిల్లలు భయపడితే వాళ్లు పిరికివాళ్లని కాదు, వాళ్ల చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయని.

పరీక్ష చాలా సులువు. భయపెట్టే వీడియో ముక్కను పిల్లలతో కూర్చుని ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. గుమ్మడికాయ మాస్కు వేసుకుని ఒక మనిషి మెట్లు దిగుతుంటాడు, అంతే.

నానీ వాళ్ల కాలంలో

దెయ్యం పాటలు ఫోన్‌తో వచ్చాయనుకుంటే పొరపాటు. ఇంట్లో నానీనో దాదీనో అడిగితే "మహల్" పేరు చెబుతారు. కమాల్ అమ్రోహీ తీసిన ఆ సినిమా 1949లో వచ్చింది. ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతం. పాడుబడ్డ బంగళాలో ఉయ్యాల ఊగే నీడలాంటి ఆడమనిషి, దూరం నుంచి దగ్గరికొస్తున్న గొంతు. అది లతా మంగేష్కర్‌ది, అప్పుడామెకు ఇరవై ఏళ్ల వయసు. గొంతు దూరం నుంచి వస్తున్నట్టు వినిపించడానికి ఇప్పటిలా మెషిన్లు లేవు. ఆమె మైక్‌కి దూరంగా నిలబడి పాడుతూ అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికి వచ్చారట. మొదటి రికార్డుల మీద గాయని పేరు కూడా సినిమాలో పాత్ర పేరే, కామిని అని వేశారు. జనం రేడియోకి ఉత్తరాలు రాసి మరీ ఆ గొంతు ఎవరిదని అడిగారు. అందులో కేకలు లేవు, గీకుడు లేదు, అయినా ఒళ్లు జల్లుమంటుంది. ఫోన్‌లో ఇప్పుడు వస్తున్న గోల కంటే ఆ పని వెయ్యిరెట్లు నయం.

తెలుగులోకి హాలోవీన్ పాట ఎప్పుడో దొడ్డిదారిన వచ్చేసింది కూడా. మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్" వీడియో 1983 డిసెంబర్‌లో విడుదలైంది, దాదాపు 14 నిమిషాలు, సమాధుల్లోంచి లేచి వరసగా డ్యాన్స్ చేసే శవాలు. రెండేళ్లకే, 1985లో, చిరంజీవి "దొంగ" సినిమాలో "గోలీమార్" పాటకు అవే శవాలు, అదే ఎర్ర జాకెట్. బాలు గొంతు, చక్రవర్తి సంగీతం. ఇంటర్నెట్ వచ్చాక ఆ పాట దేశాలు దాటి నవ్వులు పూయించింది. ఇంట్లో నలభై దాటిన మామూకి స్టెప్పులతో సహా వచ్చే ఉంటుంది, అడిగి చూడండి.

"థ్రిల్లర్" గురించి ఒక సంగతి మన ఇళ్లలో చెప్పుకోదగ్గది. జాక్సన్ అప్పట్లో యెహోవా సాక్షుల సంఘంలో ఉన్నాడు, మంత్రతంత్రాలు వాళ్లకు నిషిద్ధం. అందుకే వీడియో మొదట్లోనే, తన వ్యక్తిగత విశ్వాసాల రీత్యా ఈ చిత్రం అలాంటి నమ్మకాలను ఏ విధంగానూ సమర్థించదని ఒక ప్రకటన వేయించాడు. ఆట వేరు, నమ్మకం వేరని ప్రపంచంలో అందరికంటే పేరున్న దెయ్యం పాట పాడినవాడే రాసి పెట్టాడు.

చీకటి పడ్డాక

మగ్రిబ్ దాటింది, వాన తగ్గలేదు, డ్యూటీకి పోయినవాళ్లు ఇంకా ఆరాంఘర్ చౌరస్తా దగ్గరే ట్రాఫిక్‌లో ఉన్నారు. ఇంట్లో ఖిచిడీ, ఖీమా, ఖట్టా పొయ్యి మీద. ఈ గంటే పిల్లలకు ఎక్కువ భయం. వాళ్ల భయం పాట మీద కాదు చాలాసార్లు, ఇంకా రాని అబ్బా మీద. పాట ఒక సాకు. పెద్దవాళ్లు గుర్తించాల్సింది ఇది. ఐదారేళ్ల లోపు పిల్లలకు ఏది నిజం, ఏది నటన అన్న గీత ఇంకా గట్టిపడి ఉండదు. వాళ్లకు పడుకునే ముందు ఇలాంటి వీడియోలు అసలు వద్దు. కొంచెం పెద్దవాళ్లకైతే పగలు, పక్కన ఎవరైనా కూర్చుని, చప్పుళ్లు ఎలా చేశారో చెప్పుకుంటూ చూస్తే నష్టమేమీ లేదు. జిన్నాతుల గురించి అడిగితే ఇంట్లో ఏం నమ్ముతారో అదే నెమ్మదిగా చెప్పండి. "పడుకోకపోతే దెయ్యం వస్తుంది" అని మాత్రం ఎవరూ అనకండి. పగలంతా విప్పి చూపించిన ముడిని రాత్రి మళ్లీ మనమే వేసినట్టవుతుంది.

నీళ్ల సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. గుమ్మం దగ్గరికి నీరు వస్తే మెయిన్ స్విచ్ ఎవరు ఆపాలి, కాగితాల సంచి ఎక్కడుంది, ఏ ఇంటి మేడ మీదికి వెళ్లాలి అన్నది పదేళ్ల పిల్లకు కూడా తెలిసుండాలి. ఆధార్, రేషన్ కార్డు, ఈఎస్ఐ కాగితాలు, బడి సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెడితే చాలు. కరెంటు తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కి, నాలా పొంగితే జీహెచ్ఎంసీ 040-21111111కి, ప్రాణాల మీదికొస్తే 112కి ఫోన్ చేయాలి.

ఆ ఫోన్ పొద్దున్నుంచి అస్థిపంజరాల డ్యాన్స్ చూపిస్తూనే ఉంది కాబట్టి సాయంత్రానికి అందులో ఛార్జింగ్ ఎంతుందో ఒకసారి చూసుకోండి. కరెంటు పోకముందే సగానికి పైగా ఉంచుకోవాలి. హైవే మీద ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేసేది ఆ నంబర్‌కే.